దయచేసి వినండి, ప్రశ్న సంఖ్య ఒకటి

మా తోటికోడలికి ఇంగ్లీషు మాటలు నేర్పిన ఘనత నాదేనని మూడు నెలలపాటు వీధంతా చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు ఎవరైనా ఆ ఊసెత్తితే మాట మార్చేస్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంటి ముందుగది సంగతి చెప్పాలి.

ఆ గదిలో మేం బడిపిల్లల యూనిఫారాలు కుడతాం. కిటికీ పక్కన మిషను, మిషను ముందు అక్క. అక్క అంటే మా బావగారి భార్య, పధ్నాలుగేళ్ళుగా ఆ మిషను తొక్కుతోంది. గోడవారగా చాప మీద నేను. కాజాలు, గుండీలు, అంచుల మడతలు నా వంతు. నాకెదురుగా అత్తయ్య చిన్న కత్తెర పట్టుకుని, కుట్టిన బట్టలకి వేలాడే దారపు కొసలు కత్తిరిస్తూ ఉంటుంది. అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే మూటలు బండికెత్తుకుని బడుల చుట్టూ తిరగడానికి పోతారు కాబట్టి ఈ కథలో వాళ్ళతో మనకి పని లేదు. మావయ్యగారు మాత్రం వరండాలోనే ఉంటారు. ఆయనతో చాలా పనుంది, కానీ కాస్త ఆగాలి.

పరీక్ష రాసేది అక్క. నీటి సరఫరా శాఖలో గుమాస్తా ఉద్యోగం. సగం ప్రశ్నలు ఇంగ్లీషు మాటలకి అర్థాలు, సగం జనరల్ నాలెడ్జి. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులిస్తారు, సరైనదానికి గుర్తు పెట్టాలి. అక్క అప్పటికి రెండుసార్లు రాసింది. మొదటిసారి మూడు మార్కుల్లో పోయింది. రెండోసారి పరీక్షకి నాలుగు రోజుల ముందు మిషను సూది చూపుడువేలి గోరులోంచి దిగింది. కలం పట్టుకోలేక సగం కాయితం ఖాళీగా ఇచ్చి వచ్చింది. ఆ తర్వాత అయిదేళ్ళపాటు ఆ శాఖవాళ్ళు ప్రకటనే వెయ్యలేదు. ఇప్పుడు వేశారు. ముప్పై అయిదు నిండినవాళ్ళు రాయడానికి లేదు. పరీక్ష అయిన పద్దెనిమిదో రోజున అక్కకి ముప్పై అయిదు నిండుతాయి. ఇదే ఆఖరుసారి.

ఆ ఉద్యోగం మీద అంత ఆశ ఎందుకని ఒకసారి అడిగాను.

"తొక్కక్కర్లేని కుర్చీలో కూర్చోవాలనుందే. ఎదురుగా బల్ల ఉండాలి, బల్ల మీద నా పేరుండాలి. ఇన్ని వేల చొక్కాలు కుట్టాను, ఒక్కదాని మీదా నా పేరు లేదు" అంది. నవ్వుతూనే అంది గానీ, మోకాలు రుద్దుకుంటూ అంది.

అక్కకి ఇంగ్లీషు చదవడం రాకేం కాదు. చదవడానికి ఖాళీ లేదు, అంతే. బడులు తెరిచే కాలం దగ్గర పడితే మా ఇంట్లో అన్నం తినడానికి కూడా వంతులే. మిషను మీద కూర్చున్న మనిషికి చేతులు ఖాళీ ఉండవు, కాళ్ళు ఖాళీ ఉండవు, కళ్ళు సూది మీంచి తిప్పితే ఏమవుతుందో ఆ వేలు చూస్తే తెలుస్తుంది. మిగిలినవి చెవులు రెండే. అందుకని ప్రశ్నల పుస్తకం నా ఒళ్ళో పెట్టుకుని నేను చదివేదాన్ని, అక్క తొక్కుతూ జవాబు చెప్పేది. ఏదైనా చొక్కా కాలరు దగ్గర దారం తెగిందంటే ఆ ప్రశ్న మళ్ళీ చదవాలి. అదొక్కటే మా నియమం.

నాకు చదవడమంటే సరదా. నోట్లో నువ్వుగింజ నానదని అత్తయ్య నన్ను రోజుకి నాలుగుసార్లయినా అంటుంది. అలాంటిదాన్ని నోరారా చదవమంటే ఇంకేం కావాలి. ముందు పుస్తకం చివర జవాబు చూసుకునేదాన్ని, తర్వాత ప్రశ్న, తర్వాత నాలుగు జవాబులూ రాగయుక్తంగా చదివేదాన్ని. అక్క మిషను ఆపకుండా "మూడోది" అనేది. సరిగ్గా మూడోదే అయ్యేది. "నాలుగోది." నాలుగోదే. వంద ప్రశ్నలు పూర్తయ్యాక బట్టకి గీతలు గీసే సుద్దముక్కతో తలుపు వెనక మార్కులు వేసేదాన్ని. అరవై నాలుగుతో మొదలై, రెండు నెలలు తిరిగేసరికి తొంభై రెండు దగ్గర నిలబడ్డాం. ఆ తలుపుని పక్కింటివాళ్ళకి కూడా చూపించాను.

నేర్చుకున్న మాటలు ఊరికే పోనిచ్చేవాళ్ళం కాదు. గార్యులస్ అంటే వాగుడుకాయ, ఆ మాట నాకు తగిలించారు. ఫ్రూగల్ అంటే పొదుపరి, అది అత్తయ్యకి వెళ్ళింది. తెగిన దారాన్ని కూడా ఉండ చుట్టి దాచే మనిషికి అంతకన్నా మంచి మాట దొరకదు. ఆబ్‌స్టినేట్ అంటే మొండిఘటం. ఆ మాట వచ్చిన రోజు ముగ్గురం ఒక్కసారే వరండా వైపు చూశాం.

ఇక మావయ్యగారి సంగతి. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు బస్‌స్టాండులో అనౌన్సర్‌గా చేశారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉంది, ఎన్నింటికి కదులుతుంది, ఏది ఆలస్యం, ఏది రద్దు, అన్నీ రెండు భాషల్లో, రెండేసిసార్లు, ఒకే గొంతుతో చెప్పారు. ఒకే గొంతు అంటే నిజంగా ఒకే గొంతు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మా బావగారు పుట్టారట. కొడుకు పుట్టాడని ఆస్పత్రి నుంచి మైకు గదికి ఫోన్ వచ్చింది. ఈయన ఫోన్ పెట్టేసి, అయిదో ప్లాట్‌ఫారం మీది బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమని చదివి, సాయంత్రం డ్యూటీ దిగేదాకా పక్క కుర్చీలో మనిషికి కూడా చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా బస్సు సంగతి చెప్పినట్టే చెప్పారట. అత్తయ్య ఇప్పటికీ ఆ మాట తలుచుకుని మూతి ముడుస్తుంది.

ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇంకొకరిని పెట్టలేదు. రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి పెట్టారు. అది పెట్టిన కొత్తలో అక్క ఏదో పని మీద బస్‌స్టాండుకి వెళ్ళొచ్చి, భోజనాల దగ్గర నోరు జారింది. "ఇప్పుడు అన్నీ ఎంత స్పష్టంగా వినబడుతున్నాయో" అంది. మావయ్యగారు చెయ్యి కడుక్కుని లేచారు. అంతే. పధ్నాలుగు నెలలు అక్కతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. కోపంగా ఉండేవారా అంటే అదీ కాదు. మంచినీళ్ళు కావాలంటే నాతో, "పెద్దమ్మాయిని నీళ్ళిమ్మని చెప్పు" అనేవారు. అక్క అక్కడే నిలబడి ఉండేది. నేను చెప్పేదాన్ని, అక్క ఇచ్చేది, ఆయన పుచ్చుకునేవారు. రాత్రనకా పగలనకా ఇద్దరి మధ్యా కబుర్లు మోయడం నాకు అలవాటైపోయింది.

పరీక్ష రెండు నెలల్లోకి వచ్చాక, దగ్గర్లోని ఒక కోచింగ్ సెంటరువాళ్ళు నమూనా పరీక్ష పెడుతున్నారని తెలిసి అక్కని పంపించాను. పంపించానంటే తోసి పంపించాను. తలుపు వెనక తొంభై రెండు ఉంది కదా, వెళ్ళి అందరి కళ్ళూ తేలేయించి రమ్మన్నాను. అక్క చీకటి పడకుండానే వచ్చేసింది. చేతిలో కాయితం నాకిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నలభై ఒకటి.

కంగారు పడి ఉంటుంది అనుకున్నాం. కొత్త గది, కొత్త మనుషులు, నిశ్శబ్దం. గట్టిగా ఊపిరి పీల్చమన్నాను. కొత్త కలం కొన్నాం. మిషను చప్పుడు లేకపోవడమే లోపమేమోనని, ఇంకో నమూనా పరీక్షకి వెళ్ళినప్పుడు బల్ల కింద కాళ్ళు ఆడిస్తూ రాయమన్నాను. పాపం అలాగే చేసింది. పక్కన కూర్చున్నవాళ్ళు కసిరారట. ముప్పై తొమ్మిది వచ్చింది.

మర్నాడు ఇంట్లో చదివితే మళ్ళీ తొంభై ఒకటి. నాకేం పాలుపోలేదు. "ఇంట్లో పులి, బయట పిల్లి ఎలా అయ్యావే అక్కా" అని వేళాకోళం ఆడబోయాను గానీ, అక్క నవ్వలేదు. చొక్కా చేతికి కాలరు కుట్టేసి, మళ్ళీ విప్పుతూ కూర్చుంది. పధ్నాలుగేళ్ళలో ఆవిడ అలాంటి పొరపాటు చెయ్యగా నేను చూడలేదు.

అసలు సంగతి బయటపెట్టింది అత్తయ్య. పరీక్షకి ఇంకా ఇరవై ఆరు రోజులుంది. నేను చదువుతున్నాను. మనిషి శరీరంలో అతి చిన్న ఎముక ఎక్కడుంటుంది, ముక్కులో, చెవిలో, చిటికెనవేలిలో, పాదంలో. పుస్తకం ఇంగ్లీషు, నేను చదివిందీ ఇంగ్లీషే. అక్క దారం మారుస్తూ వెంటనే పలకలేదు. ఆ సందులో అత్తయ్య తల ఎత్తకుండా, "రెండోది కదే" అంది.

నేను పకపకా నవ్వాను. అత్తయ్యకి ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. ఏదో గుడ్డిగా తగిలిందన్నాను. ఆవిడ ఉడుక్కుని, ఇంకోటి చదవమంది. చదివాను. "నాలుగోది." నాలుగోదే. ఇంకోటి. "మొదటిది." మొదటిదే. నా నవ్వు తగ్గుతూ వచ్చింది. పది చదివితే తొమ్మిది సరిగ్గా చెప్పింది. తప్పిపోయిన ఆ ఒక్కటీ నేను జవాబు చూసుకోవడం మరిచిపోయి చదివిన ప్రశ్న.

"మీకెలా తెలుస్తోంది అత్తయ్యా?" అన్నాను.

"ప్రశ్న నాకేం తెలుసు? నువ్వు తెలుసు" అంది అత్తయ్య, కత్తెర ఒళ్ళో పెట్టుకుని. "మూడు జవాబులు గబగబా విదిలించేస్తావు. అసలుది వచ్చేసరికి మెడ ముందుకొస్తుంది, గొంతు పైకి లేస్తుంది, చదివాక ఊపిరి బిగపట్టి కూర్చుంటావు. ఇది తెలీడానికి ఇంగ్లీషెందుకే?"

మిషను ఆగిపోయింది. అక్క చక్రం మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. మూడు నెలలుగా అక్క నేర్చుకున్నది నా గొంతునన్నమాట. గార్యులస్ ఎలా చదువుతానో తెలుసు, దానర్థం ఆ కాయితం మీద నాలుగు జవాబుల మధ్య కనబడితే ఆనవాలు పట్టడం తెలీదు.

"నాకు నిజంగానే వస్తున్నాయనుకున్నానే" అంది అక్క. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తలుపు వెనక మార్కులన్నీ తడిగుడ్డతో తుడిచేశాను. మర్నాడు పొద్దున్నే గొంతు అణుచుకుని చదవడం మొదలుపెట్టాను. అత్తయ్య పది చదివితే ఎనిమిది చెప్పింది. తప్పు జవాబు దగ్గర కావాలని గొంతు పెంచాను. "ఇది దొంగది" అని అత్తయ్య తీసిపారేసింది. పళ్ళ మధ్య రెండు గుండుసూదులు పెట్టుకుని చదివాను, గోడ వైపు తిరిగి చదివాను, ముక్కు మూసుకుని చదివాను. ఏడుకి తగ్గలేదు. అసలు జవాబు చూసుకోవడమే మానేద్దామంటే, అన్నిసార్లు చదివిన పుస్తకం, జవాబులన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఆ ఇంట్లో పరీక్షకి తయారైంది ఎవరయ్యా అంటే నేను. నాకా ఉద్యోగం అక్కర్లేదు, దరఖాస్తే పెట్టలేదు. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కని సొంతంగా చదువుకోమందామంటే గది నిండా కత్తిరించిన బట్ట కుప్పలుగా పడి ఉంది. పద్దెనిమిది బడులకి మాటిచ్చాం. చెవులు తప్ప దారి లేదు. ఏ జవాబు దగ్గరా తొణకని గొంతు కావాలి. అలాంటి గొంతు ఎక్కడ దొరుకుతుందని నేను తల పట్టుకుంటే, అత్తయ్య కత్తెరతో వరండా వైపు చూపించింది.

"కొడుకు పుడితేనే చలించని గొంతు. నీ పుస్తకంలో ప్రశ్నలకి చలిస్తుందా?" అంది.

నేను వెళ్ళి అడుగుతానన్నాను. అక్క వద్దంది. ఇది తనే అడగాల్సిన మాట అంది. మిషను మీంచి లేచి, పుస్తకం పట్టుకుని, వరండా గుమ్మం దగ్గర నిలబడింది. మావయ్యగారు పేపరు మడత పెట్టారు గానీ తల ఎత్తలేదు. నేను ఎప్పట్లాగే మధ్యలో నిలబడ్డాను.

"మావయ్యా, ఆ రోజు నేను ఆలోచించకుండా అన్నాను" అంది అక్క. "ఆ రికార్డు గొంతు స్పష్టంగానే ఉంది. కానీ దానికి ఏమీ తెలీదు. అన్నీ తెలిసి, ఏదీ బయట పెట్టకుండా చదవగలిగేది మీరొక్కరే. నాకు మీ గొంతు కావాలి. ఇరవై అయిదు రోజులు."

ఆయన కళ్ళద్దాలు తీసి, లాల్చీ అంచుతో చాలాసేపు తుడిచారు. అంతసేపు తుడిస్తే అరిగిపోతాయేమో అనిపించింది. చివరికి నా వైపు చూసి, "ఎన్నింటికి మొదలో అడుగు" అన్నారు.

మర్నాడు సరిగ్గా నాలుగింటికి ముందుగదిలోకి వచ్చారు. ఉతికిన చొక్కా వేసుకున్నారు. స్టూలు మీద నిటారుగా కూర్చుని, పుస్తకం ఎంత దూరంలో పట్టుకోవాలో రెండుసార్లు సరిచూసుకుని, గొంతు సవరించుకున్నారు. జవాబుల పేజీలు ముందే చింపి నా గుండీల డబ్బాలో పెట్టమన్నారు. బస్సు కదులుతుందని చెప్పడం వరకే తన పని అనీ, ఎవరు ఎక్కారో తాను చూడనక్కర్లేదనీ అన్నారు.

"దయచేసి వినండి. ప్రశ్న సంఖ్య ఒకటి" అన్నారు.

నేను నోట్లో గుడ్డ కుక్కుకోవాల్సి వచ్చింది. ప్రశ్న రెండుసార్లు చదివారు. నాలుగు జవాబులూ రెండేసిసార్లు చదివారు. నాలుగూ ఒకే ఎత్తు, ఒకే వేగం. స్కేలు పెట్టి కొలిచినా తేడా రాదు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి బాగా వచ్చు, చాలా మాటలకి అర్థాలు మాత్రం రావు. వచ్చినా మనకి తెలీదనుకోండి. అత్తయ్యని చెప్పమన్నాను. ఆవిడ చెవి ఒగ్గి విని విని, "ఏ బస్సెక్కాలో తెలీడం లేదు" అని చేతులెత్తేసింది. ఆ రోజు అక్కకి వచ్చినవి నలభై నాలుగు.

మొదటి నాలుగు రోజులూ గదిలో గాలి ఆడనట్టే ఉంది. నలభై నాలుగు, నలభై ఆరు, నలభై మూడు, యాభై. తప్పు చెప్పినప్పుడు ఎవరూ నొచ్చుకోరు, ఒప్పు చెప్పినప్పుడు ఎవరూ మెచ్చుకోరు. ఆయన తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు. వంద పూర్తయ్యాక నేను గుండీల డబ్బా తెరిచి లెక్క చూసేదాన్ని, తప్పినవాటి అర్థాలు చీటీల మీద రాసి మిషను తలకి అంటించేదాన్ని. మర్నాడు ఆ చీటీలే ముందుగా చదివించేదాన్ని. అది చూసి అత్తయ్య, మిషనుకి జుట్టు పెరిగిందంది.

అయిదో రోజు నుంచి ఒక సంగతి కనిపెట్టాను. అక్కకి జవాబు తెలిస్తే కాళ్ళు ఆగవు. తెలియకపోతే మిషను ఆగుతుంది. మిషను ఆగినా, మావయ్యగారు ఆగరు. రెండోసారి చదువుతారు, నాలుగు లెక్కపెట్టేంతసేపు చూస్తారు, ముందుకి సాగుతారు. బస్సు ఎవరి కోసమూ నిలవదు. మొదట్లో అక్క నా వైపు చూసేది. నేను మొహం చొక్కాలో దూర్చేసేదాన్ని. నా మొహం కూడా చెప్పేస్తుందని అప్పటికి నాకు జ్ఞానోదయమైంది. పోను పోను నా వైపు చూడడం మానేసింది. పదో రోజుకి అరవై రెండు. మిషను తక్కువసార్లు ఆగుతోంది.

పదకొండో రోజున ఇంపార్షియల్ అనే మాట వచ్చింది. పక్షపాతం లేని అని అర్థం. అంతకు ముందు రోజే సరిగ్గా చెప్పింది, ఆ రోజు తప్పింది.

"నిన్న చెప్పావు కదమ్మా" అన్నారు మావయ్యగారు.

అక్కతోనే అన్నారు. నేరుగా. నేను పక్కనే ఉన్నా నాతో చెప్పించలేదు. అత్తయ్య కత్తెర ఆడడం ఆగింది, నా సూది ఆగింది. ఆయన ఏమీ జరగనట్టే, "ప్రశ్న సంఖ్య నలభై మూడు" అని వెళ్ళిపోయారు. గొంతులో వీసమెత్తు తేడా లేదు. ఆ సాయంత్రం నుంచి నీళ్ళు కావాలంటే అక్కనే అడిగారు. కబుర్లు మోసే నా ఉద్యోగం అలా ఊడింది, నేనేం బాధపడలేదు.

చివరి రోజు డెబ్బై తొమ్మిది. తొంభై రెండు కాదు. కానీ ఈసారి ఆ అంకె తలుపు మీద రాసినప్పుడు నా చెయ్యి భయపడింది, ఎందుకంటే అది నిజం.

పరీక్ష నాడు అక్క వెళ్ళిపోయాక ముందుగదిలో ఎవరికీ పని సాగలేదు. నేను ఒకే చొక్కాకి ఎనిమిది కాజాలు తీశాను, ఆరే ఉండాలి. సాయంత్రం అక్క వచ్చి చెప్పులు విప్పుతూ అంది. "అక్కడ ఎవరూ చదవలేదు. నాకు మాత్రం ఒక్కో ప్రశ్నా మావయ్య గొంతుతోనే వినబడింది. పైగా రెండేసిసార్లు. ఆఖరి నిమిషం దాకా రాస్తూనే ఉన్నాను." ఎలా రాసిందో చెప్పలేదు, మేం అడగలేదు. మావయ్యగారు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అక్క చేతికిచ్చారు.

పద్దెనిమిదో రోజున అక్కకి ముప్పై అయిదు నిండాయి. ఎవరమూ శుభాకాంక్షలు చెప్పలేదు. చెబితే బాధపెట్టినట్టవుతుందని అందరికీ అనిపించింది.

ఫలితాలు ఇంకో నెలకి వచ్చాయి. మధ్యాహ్నం మూడు దాటింది. ఎంపికైనవాళ్ళ హాల్‌టికెట్ నంబర్లు వరసగా ఫోన్‌లో పెట్టారు, మొత్తం అరవై. నంబరు కొట్టి వెతికితే ఒక్క క్షణంలో తేలిపోతుందని నేను ఫోన్ లాక్కోబోయాను. అక్క వద్దంది. వెతికి లేదని తెలుసుకోవడం తనవల్ల కాదనీ, చదివితే వింటాననీ అంది. ఫోన్ తీసుకెళ్ళి మావయ్యగారి చేతికిచ్చి, మిషను ముందు కూర్చుంది. ఆయన స్టూలు లాక్కుని, అక్షరాలు పెద్దవి చేయించుకుని, గొంతు సవరించుకున్నారు.

"దయచేసి వినండి. ఎంపికైనవారి సంఖ్యలు."

అందరి నంబర్లూ వన్ జీరోతోనే మొదలు. ఒక్కో అంకే విడివిడిగా, ఒక్కో నంబరూ రెండేసిసార్లు చదివారు. ఒక్కసారి చాలు మావయ్యా అని నేను బతిమాలాను. ఆయన వినలేదు. రెండోసారి చదవకపోతే అది అనౌన్స్‌మెంటే కాదన్నారు. అత్తయ్య దారాలు కత్తిరిస్తోంది. అక్క సూది కింద బట్ట లేకుండానే మిషను తొక్కుతోంది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. పది నంబర్లయ్యాయి. ఇరవై అయ్యాయి. ఒకే ఎత్తు, ఒకే వేగం. అరవైలో అక్క నంబరు లేకపోయినా ఆ గొంతు ఇలాగే చివరిదాకా వెళ్ళి ఆగిపోతుందని తెలుసు. ముప్పై దాటాయి.

"వన్, జీరో" అన్నారు మావయ్యగారు.

అత్తయ్య కత్తెర చాప మీద పెట్టేసింది. "ఇదే" అంది.

మిగిలిన అంకెలు ఇంకా రాలేదు. అన్ని నంబర్లకీ ఉన్న అంకెలే అవి. కానీ నాకూ వినబడింది. ఆయన గొంతు పైకి లేచింది. ముప్పై ఎనిమిదేళ్ళు మైకులో పలికినా ఎక్కడా తొణకని గొంతు, కొడుకు పుట్టిన రోజున కూడా లేవని గొంతు, ఆ జీరో దగ్గర లేచి, అక్కడే వణుకుతూ నిలబడిపోయింది. అక్క కాళ్ళు ఆగిపోయాయి.

తర్వాత ఆయన ఒక్కో అంకే పట్టుకుని మొత్తం చదివారు. అది అక్క నంబరే. రెండోసారి చదవడానికి నోరు తెరిచారు, మళ్ళీ మూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అక్క లేచి వెళ్ళి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

రెండోసారి అక్కే చదివింది.